పల్లేరు లేని జాగా

పోయిన వారం కల్వకుర్తిలో పురుగుమందుల దుకాణానికి వెళ్లి, ఇంటి ముందు గడ్డిలో తుంగ, పల్లేరు చావడానికి మందేమైనా ఉందా అని అడిగాను. దుకాణదారు నా ముఖం కాసేపు పరిశీలనగా చూశాడు.

"మీరు డిపో సారు బామ్మర్ది గదా? హాలియా?"

అవునన్నాను.

"మరి సారేడి? ఇన్నేండ్లు తను అడిగి అడిగి అలిసిపోయి ఇప్పుడు మిమ్మల్ని తోలిండా?"

సంగతి చెప్పేలోపే అతను అందుకున్నాడు. చాలాకాలంగా దాచుకున్న విసుగు అది. ప్రతి వానాకాలం మొదట్లో మా బావ ఆ దుకాణానికి వచ్చేవాడట. పత్తి రైతులు తోసుకుంటున్న వేళ చూసి మరీ వచ్చేవాడట. గడ్డి మందు సీసా ఒకటి తీయించి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, సీసాను ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని, దాని మీద ఉన్న సన్న అక్షరాలన్నీ చదివేవాడట. చదివాక అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే.

"గిది కొట్టినంక ఎన్ని దినాలకు ఉత్తకాళ్లతోని నడవొచ్చు?"

"నేను చేన్లకు అమ్మెటోన్ని సారూ," అన్నాడు దుకాణదారు నాతో, బావే ఎదురుగా ఉన్నట్టు. "మందు కొట్టిన చేన్ల ఉత్తకాళ్లతోని షికారు చేసెటోళ్లు ఎవరుంటరు? మీ ఇంట్ల చెప్పులు లేవా అంటే, 'చెప్పులున్నయి, కాళ్లే మాట వింటలేవు' అంటడు. సీసా మళ్ల నా చేతుల పెట్టి పోతడు. ఒక్క ఏడన్న కొన్నడా? ఇంటికి పోయినంక మీరే అడగండి."

అతన్ని వెంటనే ఆపాలనిపించలేదు. బతికున్న మనిషిని తిట్టినట్టు బావను ఒకరు తిట్టడం విని చాలా రోజులైంది. ఆఖరికి చెప్పాను, మాఘమాసంలో పోయాడని. అతను "అయ్యో" అని, గల్లాపెట్టె మీది కాగితాలు కాసేపు అటూ ఇటూ సర్దాడు. తర్వాత అలమరలోంచి సీసా తీసి గుడ్డతో దుమ్ము తుడిచి నా ముందు పెట్టాడు. బావ అడిగిన ప్రశ్నకు అతని దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. నేనూ అడగలేదు.

ఆ ఉత్తకాళ్లు మా అక్కవి. అక్కకు నడివయసులోనే షుగరు వచ్చింది. మొదట అరికాళ్లు మండేవి. తడిగుడ్డ చుట్టుకుని అరుగు మీద కూర్చునేది. కొన్నేళ్లకు మంట తగ్గిందంటే మేమంతా సంతోషించాం. నరాలు చచ్చుబడి స్పర్శ పోతోందని దవాఖానలో చెప్పాక గాని ఆ తగ్గడమేమిటో మాకు అర్థం కాలేదు. ఇంట్లో బండల మీద నడుస్తుంటే కాళ్ల కింద ఏమీ లేనట్టుందని, పడతానేమోనని గోడ పట్టుకునేది.

బావ నేతపని చేసే ఇంట్లో పుట్టి, బస్సు డిపోలో స్టోర్‌కీపరయ్యాడు. కల్వకుర్తిలో ఇల్లు కట్టుకున్నప్పుడు ముందు పొడుగ్గా, సన్నగా ఖాళీ జాగా వదిలాడు. ఎందుకింత జాగా వృథా అంటే, "పడుగు చాపుకునే జాగా లేని ఇల్లు ఇల్లేంది?" అన్నాడు. ఆ ఇంట్లో మగ్గం లేదు, బారుగా చాపి ఆరబెట్టే పడుగు నూలూ లేదు, ఇక రాదని ఆయనకూ తెలుసు. చుట్టుపక్కల అందరూ గేటు దాకా బండలు పరిపించుకుంటే ఈయన వాకిలి మాత్రం మట్టిగానే మిగిలింది. తెలంగాణ వచ్చిన ఏడాది రిటైరై ఇంట్లో కూర్చున్నాక, అక్క గోడ పట్టుకుని నడవడం పొద్దంతా చూశాడు. ఆ వానాకాలంలో నాకు ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, మీ కాలువ గట్టు మీద గరిక మంచిగుంటది గదా. జర పంపు."

హాలియాలో నీళ్లకు కొదవ లేదు. గరికను మట్టితో సహా చెక్కలు చెక్కలుగా తీయించి, గోనెసంచుల్లో కుక్కి, కూరగాయల బండిలో పంపాను. బావ దాన్ని పలకలు అతికినట్టు నేల మీద అతికాడు. నెల తిరిగేసరికి పచ్చగా అల్లుకుంది. అక్క అందులో కాలు పెట్టిన మొదటి పొద్దున నేను అక్కడే ఉన్నాను. మంచు ఇంకా ఆరలేదు. నాలుగు అడుగులు వేసి ఆగింది.

"సల్లగున్నది," అంది. "ఏమయ్యా, సల్లగ తెలుస్తాంది నాకు."

బావ నన్ను భుజం మీద గట్టిగా చరిచాడు.

ఆ గరికతో పాటు మా కాలువ గట్టు తుంగ కూడా వచ్చింది. వచ్చిందని వానాకాలం ముగిసేదాకా తెలియలేదు. తుంగ పైకి గడ్డిపరకలా కనిపిస్తుంది. లాగితే తెగివస్తుంది. కింద గడ్డలు ఒకదానికొకటి దారంతో కట్టినట్టు ఉంటాయి, వాటిలో ఒక్కటి మిగిలినా వారంలో మళ్లీ లేస్తుంది. అప్పటి నుంచి ఆ ఇంటికి నేను ఎప్పుడు వెళ్లినా నాకు మొదట దొరికేది మంచినీళ్లు కాదు. "వచ్చినవా? మీ చుట్టాలు గీడనే ఉన్నరు, పలకరించుపో," అని తుంగ గడ్డల కుప్ప చూపించేవాడు. పెళ్లిళ్లలో నన్ను ఇతరులకు పరిచయం చేసేటప్పుడు కూడా "మా బామ్మర్ది. కట్నం మీద తుంగ కూడ ఇచ్చిండు," అనేవాడు. మొదట్లో నవ్వాను. తర్వాత విసుగొచ్చింది. ఒకసారి మరీ విసుగొచ్చి, "నాలుగు చుక్కలు గడ్డి మందు కొడితే ఖతమయ్యేదానికి ఇన్నేండ్ల లొల్లి ఎందుకు బావా?" అన్నాను. ఆయన నా వైపు చూడకుండా, "మందు కొట్టిన జాగాల మీ అక్కను నడిపిస్తవా నువ్వు?" అన్నాడు.

ఆయన కలుపు తీసే పద్ధతి చూస్తే ఎవరికైనా ఓపిక నశిస్తుంది. జాగాకు అటు కొసా ఇటు కొసా మేకులు కొట్టి నూలుదారాలు కట్టేవాడు. రెండు దారాల మధ్య చీర పన్నా అంత వెడల్పు. చిన్న పీట మీద కూర్చుని ఆ పట్టీని ఒక కొస నుంచి మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ పోయేవాడు. పాత గొడుగు కమ్మిని బండ మీద నూరి పదును పెట్టుకున్నాడు, అదే ఆయన పనిముట్టు. కమ్మిని తుంగ పక్కన నిలువుగా దింపి, వేలితో దాని జాడ పట్టుకుంటూ గడ్డ దాకా పోయి, దారం తెగకుండా రెండో గడ్డను కూడా పైకి తెచ్చేవాడు. తెచ్చినదాన్ని ఎడమచేతి మణికట్టు మీద కొట్టి మన్ను రాల్చి, వేర్లు పైకి పెట్టి ఎండలో ఆరబెట్టేవాడు. పట్టీ సగంలో ఉండగా చుట్టాలొచ్చినా, అన్నం చల్లారినా లేచేవాడు కాదు. "సగం నేసి లేస్తే బట్ట వంకరవడ్తది," అనేవాడు. "ఇది బట్ట కాదు బావా" అంటే వినిపించనట్టే ఉండేవాడు.

గడ్డి కత్తిరించడానికి కోస్గి అంగట్లో గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర కొనుక్కొచ్చాడు. మరీ పొట్టిగా కత్తిరించేవాడు కాదు. పొట్టిగా కత్తిరిస్తే కింద నేలకు ఎండ తగిలి కలుపు గింజలు లేస్తాయని, గడ్డి ఒత్తుగా ఉంటే వాటికి చోటుండదని లెక్క. "పోగులు దగ్గర దగ్గరుంటే సూది గూడ చొరబడది," అనేవాడు. ఆ లెక్క మాత్రం నిజమే. ఎదురింటావిడకు రెండు బర్రెలుండేవి. గేటు దగ్గర నిలబడి, "బర్రె లేనింట్ల గింత గడ్డెందుకు సారూ, కోసి మాకియ్యరాదు?" అని రోజూ ఆటపట్టించేది. కత్తిరించిన గడ్డి అంతా ఆమెకే పోయేది. కాని ఆమెతో సహా ఎవరైనా చెప్పులు గేటు బయటే విప్పాలి. చెప్పులకు గింజలు అంటుకుని వస్తాయని. ఆయనతో డిపోలో పనిచేసిన పెద్దమనిషి ఒకాయన కొత్త బూట్లు వీధిలో విప్పనని అలిగి గేటు నుంచే వెనక్కి పోయాడు, మళ్లీ రాలేదు. బావ ఆయన్ని పిలవనూ లేదు.

నాకు ఆ వాకిట్లో అన్నిటికంటే చిరాకు కలిగించింది ఒక గులాబీ చెట్టు. గోడ పక్కన ఉండేది. దానికి ఎప్పుడూ పిండినల్లి పట్టి తెల్లగా ఉండేది. బావ పాత పళ్లు తోముకునే బ్రష్‌ను సబ్బునీళ్లలో ముంచి దాని కొమ్మలు తోమేవాడు. వేపనూనె కొట్టేవాడు. వారం బాగుండి మళ్లీ తెల్లబడేది. పూలు పూయగా నేను చూడలేదు. పీకెయ్యమంటే, "ఉండనియ్యి, దానితోని పనుంది," అనేవాడు. పూలు పూయని గులాబీతో ఏం పని అని నేను అడగడం మానేశాను.

గడ్డి వేసిన మూడో ఏడో నాలుగో ఏడో, వేరుపురుగు పడింది. అక్కడక్కడ గడ్డి పండుబారి, చెయ్యి పెట్టి ఎత్తితే చాపలాగ లేచివచ్చేది. కింద వేర్లు లేవు, తెల్లటి పురుగులు ముడుచుకుని ఉండేవి. బావ వాటిని ఏరి గోడ మీద పెడితే కాకులు తినిపోయేవి. అక్కడితో ఆగితే సరిపోయేది. కాని ఆయనకు తన తండ్రి గుర్తొచ్చాడు. ఆ తండ్రి తేలియా రుమాళ్లు నేసినవాడు. ఆముదం కాయల పొట్టు కాల్చి, ఆ బూడిద నీళ్లలో నూనె కలిపి నూలును రోజుల తరబడి నానబెట్టి పిసికేవారట. ఆ నూలుకు పురుగు పట్టదట, బట్ట ఎండాకాలం చల్లగా ఉండేదట.

"గా బూడిద నీళ్లు పోస్తే పురుగు పోతది, గడ్డి మెత్తబడ్తది, మీ అక్క కాళ్లకు సల్లగుంటది," అన్నాడు నాతో ఫోన్లో.

"బావా, నూలుకు పానం లేదు. గడ్డికి ఉన్నది. రెండు ఒక్కటెట్లయితయి?"

"నువ్వు నేసినవా ఎన్నడన్న?"

"నువ్వు నేసినవా?"

"మా నాయిన నేస్తుంటే చూసిన," అన్నాడు.

పొట్టు దొరకడం కష్టం కాదు, ఆ వైపు ఎక్కడ చూసినా ఆముదాలే. బూడిద నీళ్లు పోశాడు. మొదటి వారం బాగానే ఉంది. చీమలు జాగా మార్చాయి. దాంతో ధైర్యం వచ్చి ఇంకా చిక్కగా కలిపి, నూలును నానబెట్టినట్టే రోజు విడిచి రోజు పోశాడు. అక్కడి బోరు నీళ్లే చవుడు నీళ్లు. దానికి బూడిద తోడైతే ఇంకేముంది. నేను వెళ్లేసరికి గడ్డి మధ్యలో పెద్ద పెద్ద మచ్చలు కాగితంలా తెల్లగా మాడిపోయి ఉన్నాయి. బావ నల్లా నీళ్లు బిందెలతో మోసి ఆ మచ్చలు కడుగుతున్నాడు. నేను ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు. "తెలుసు," అన్నాడు. అంతకుమించి ఆ సంగతి ఎన్నడూ మాట్లాడలేదు.

గరిక మళ్లీ అల్లుకోవడానికి ముందే ఆ మచ్చల్లోకి పల్లేరు వచ్చింది. నేలకు అంటుకుని పాకే తీగ, చిన్న పసుపుపచ్చ పూలు, చూడటానికి ముద్దుగానే ఉంటుంది. దాని కాయ ఎండితే ఎటు తిప్పి పెట్టినా ఒక ముల్లు పైకే ఉంటుంది. అక్క కాలికి దిగిన ముల్లు ఎప్పుడు దిగిందో ఎవరికీ తెలియదు. ఆమెకే తెలియదు. దాని మీదే కొన్నాళ్లు నడిచింది, వంట చేసింది, చుట్టాలింటికి పోయివచ్చింది. వంటింటి బండల మీద ఆమె నడిచిన చోటల్లా తడి మచ్చ పడుతోందని బావ గమనించి కాలు ఎత్తి చూశాడు. అప్పటికే చీము పట్టింది. మహబూబ్‌నగర్ దవాఖానలో చిటికెన వేలు తీసేశారు. పెద్ద డాక్టరు మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి, ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవొద్దు, ఇంకోసారి ఇట్లయితే వేలుతో పోదు అని చెప్పింది. బావ అక్కడికక్కడే మెత్తటి చెప్పులు కొన్నాడు.

పుండు మానాక ఒక పొద్దున అక్క అరుగు దిగి గడ్డి అంచున నిలబడింది. చెప్పులు విప్పి మెట్టు మీద పెట్టి లోపలికి నడిచింది. నేను అరిచాను. ఏమన్నానో నాకు గుర్తులేదు, మంచి మాటలు మాత్రం కావు.

"ఒర్రకు తమ్మీ," అంది, నా వైపు తిరగకుండానే. "గీ జాగల ఒక్కతాన్నే నాకు భూమి తెలుస్తది. బండల మీద నేను నడిచినట్టే ఉండది. నీకేమెరుక."

బావ మందలిస్తాడనుకున్నాను. ఆయన గొడుగు కమ్మి తీసుకుని పీట వేసుకుని కూర్చున్నాడు. కొన్నాళ్ల తర్వాత ఎదురింటావిడకు, అక్కకు, నాకు, అందరికీ వినపడేలా ప్రకటించాడు. "పల్లేరు వంశం మొత్తం తీసేసిన. ఒక్క కాయ లేదు. ఇగ ఫికర్ లేదు, నడువు." అక్క నమ్మింది. నేను కూడా నమ్మాను.

ఆ నమ్మకం ఒక తెల్లవారుజామున పోయింది. వాళ్లింట్లో పడుకుని, వెలుగు రాగానే అలవాటుగా లేచి బయటికి వచ్చాను. బావ గడ్డిలో మోకాళ్ల మీద ఉన్నాడు. పీట లేదు, కమ్మి లేదు. రెండు అరచేతులూ గడ్డి మీద ఆనించి, ఒంటి బరువంతా వాటి మీద వేసి నొక్కి, ఎత్తి, జానెడు ముందుకు వేసి మళ్లీ నొక్కుతున్నాడు. దారానికీ దారానికీ మధ్య పట్టీ పట్టీగా. ఒకచోట ఆగి, అరచేతిలోంచి ఏదో పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. మళ్లీ నొక్కాడు.

"ఏం చేస్తున్నవ్ బావా?"

ఉలిక్కిపడి, వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. "మెల్లగ. లేస్తది."

"పల్లేరు పోయిందంటివి గదా?"

"ఎక్కడ పోతది? గింజ మట్టిల ఏండ్లకేండ్లు ఉంటది. గాలికొస్తది, మేకల కాళ్లకొస్తది. తీగెలు నేనుంచుతలేను. ఎండిన కాయలు కండ్లకు కనవడవు, చేతులకైతే దొరుకుతయి."

చేతులు చూపించమన్నాను. చూపించలేదు. బలవంతంగా తిప్పి చూశాను. అరచేతుల నిండా ఎర్రటి చుక్కలు, కొన్ని పాతవి నల్లబడినవి. అక్క అడిగితే ఏం చెబుతున్నావంటే గోడ పక్కకు చూపాడు. గులాబీ ముళ్లు.

నాకు ఒళ్లు మండిపోయింది. గొంతు తగ్గించుకునే అడిగాను.

"అక్కకు చెప్పు. పల్లేరింకా ఉన్నదని చెప్పు. చెప్పులేసుకుంటది. నీకీ తిప్పలు తప్పుతయి, ఆమె కాళ్లు దక్కుతయి."

"ఏసుకుంటది. అందుకే చెప్తలేను."

"అదేం మాట?"

"నువ్వు ఆమెను బండల మీద గోడ పట్టుకొని నడుస్తుంటే ఎన్ని దినాలు చూసినవ్? పండుగకొచ్చి పోయినవ్. నేను చూసిన."

"ఒక్క కాయ తప్పిపోతే? కాలు పోతది బావా."

"ఒక్కటి గూడ తప్పిపోనియ్య."

"నువ్వు జరమొచ్చి పండుకున్నవనుకో. అప్పుడు?"

"నాకు జరమొస్తే, ఆ దినం వానొస్తది నడవకు అని ఆమెకు చెప్త," అని నవ్వాడు. "నీకంత ఫికరుంటే రా, గిటుదిక్కు పట్టీ నువ్వు పట్టు."

పట్టలేదు. కోపంతో లోపలికి పోయాను. కాసేపటికి బావ చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు వాకిట్లోంచి కేక వేశాడు. "ఏమే, లేచినవా లేదా? పొద్దెక్కుతాంది, మంచు ఆరిపోతాంది." అక్క జుట్టు ముడివేసుకుంటూ వచ్చి గడ్డిలోకి దిగింది. ఈ కొస నుంచి ఆ కొసకు నడిచింది. ఆయన అరుగు మీద కూర్చుని ఆమె అడుగులనే చూస్తున్నాడు. చాయ్ గ్లాసు చేతిలోనే ఉంది, తాగలేదు.

ఆ తర్వాత ఆ సంగతి మీద మేమిద్దరం ఎన్నిసార్లు పోట్లాడామో చెప్పలేను. ఫోన్లో పోట్లాడాం, బస్టాండులో పోట్లాడాం. నేను అక్కకు చెప్పేస్తానని బెదిరించాను, చెప్పలేదు. ఒక మనిషిని కాపాడటానికి ఆ మనిషికే అబద్ధం చెప్పి, ఆ అబద్ధాన్ని రోజూ మోకాళ్ల మీద నిజం చేస్తూ పోవడం మంచితనమో మూర్ఖత్వమో నేను తేల్చుకోలేదు. ఆయన మీద నా కోపం ఆయన పోయాక కూడా తగ్గలేదు. ఏం చేసినా తన చేతుల మీదే జరగాలి, తన తర్వాత ఎట్లా అన్న ఆలోచన లేదు. అంత జాగ్రత్త గల మనిషి ఆ ఒక్క విషయంలో అంత అజాగ్రత్తగా ఎట్లా ఉన్నాడో నాకు అర్థం కాదు.

మాఘంలో ఒక మధ్యాహ్నం అన్నం తిని కుర్చీలో కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. గుండె అన్నారు. దినాలకు వచ్చినవాళ్లు చెప్పులతోనే ఆ గడ్డి మీద తిరిగారు. వేరే జాగా లేదని గడ్డి మధ్యలో గుంతలు తీసి షామియానా కట్టెలు పాతారు. రాళ్లు పెట్టి పొయ్యి వేసి ఆయన దినాల వంట అక్కడే వండారు. వంటవాళ్లను ఆపబోయాను. "మరెక్కడ వండాలె సారూ?" అన్నారు. నేను పక్కకు జరిగాను. ఎండాకాలంలో నీళ్లు సరిగా పెట్టేవాళ్లు లేక మిగిలిన గరిక కూడా పలచబడింది. మృగశిర కార్తెలో మొదటి వాన పడగానే అది లేచేలోపే తుంగ లేచింది, పల్లేరు పాకింది.

అక్క నడక మానలేదు. పల్లేరు లేదని ఆయన చెప్పి పోయాడు, ఆమె దృష్టిలో అది లేదు. పసుపుపచ్చ పూలు కనిపించినవల్లా నేను ఆమె లేవకముందే పీకేశాను. వారం వారం హాలియా నుంచి దేవరకొండ మీదుగా బస్సులో వచ్చి రెండు రోజులుండి పోతున్నాను. గొడుగు కమ్మితో తుంగ తవ్వితే గడ్డ తెగి లోపలే ఉండిపోయేది. ఒక తెల్లవారుజామున మోకాళ్ల మీద కూర్చుని అరచేతులతో నొక్కుతూ పోయాను. సగం పట్టీకే నడుము పట్టేసింది, చేతులు మండాయి, లేచిపోయాను. నేను రాని మిగతా రోజుల్లో ఎవరూ లేరు. వచ్చిన ప్రతిసారీ అక్కను కూర్చోబెట్టి అరికాళ్లు చూసేవాణ్ణి.

"ఏంరా, పెండ్లిచూపులకొచ్చినవా? కాళ్లు చూస్తున్నవ్," అని నవ్వేది.

కిందటిసారి మడమ పక్కన ఒక కాయ గుచ్చుకుని ఉంది. లోతుగా దిగలేదు. తీసి, ఇసుక రాయి అని చెప్పి, మందు రాసి కట్టుకట్టాను. ఆ రాత్రి హాలియాకు పోలేదు. పొద్దున్నే లేచి ఆ పురుగుమందుల దుకాణానికి పోయాను.

సీసా సంచిలో పెట్టుకుని తిరిగి వచ్చేసరికి అక్క గడ్డిలో నడుస్తోంది. కాళ్లకు చెప్పులున్నాయి. ఎదురింటావిడతో అంగట్లోంచి తెప్పించుకుందట, మందపాటి రబ్బరు చెప్పులు. నేను గేటు దగ్గరే ఆగిపోయాను. ఎన్నేళ్లుగానో నేను అడుగుతున్నది అదే.

"గట్ల చూస్తవేందిరా?" అంది. "నీ కలుపు తీసుడు నేను చూస్తలేనా? మీ బావ ఉండంగ గింత తుంగ ఎన్నడన్న ఉన్నదా? నిలువెత్తు తుంగనే కనవడకపాయె నీకు, గిప్పుడు కాలుకు రాయి గుచ్చుకున్నది, రేపు గాజుపెంక గుచ్చుకుంటది. నువ్వు వారం వారం వచ్చి నడుము ఇరగ్గొట్టుకోకు. నేను గిట్లనే నడుస్త."

"మంచిదక్కా," అన్నాను.

"ఏం మంచిదో. కాళ్లకు గడ్డి లేదు, మన్ను లేదు. అంత బండలే అయినయి," అంది.

గడ్డి దాటి అరుగు ఎక్కింది. బండల మీద అడుగు వేసినప్పుడల్లా టక్కు టక్కుమని చప్పుడైంది. రెండు అడుగులు వేసి ఆగింది. "ఏందిరా గీ సప్పుడు?" అని మెట్టు మీద కూర్చుని ఒక చెప్పు విప్పి తిప్పి చూసింది.

రబ్బరు కనిపించనంతగా పల్లేరు కాయలు గుచ్చుకుని ఉన్నాయి. ఎండినవి, సగం పచ్చివి.

చాలాసేపు చూసింది. "అన్ని పోయినయన్నడు గదరా," అంది.

సీసా ఉన్న సంచిని మెట్టు పక్కన దించాను.

"గియ్యన్ని ఒక్క వానకే అయినయా?"

"కాదక్కా."

"ముందటి నుంచి ఉన్నయా?"

"ఉన్నయి. రోజు నువ్వు లేవకముందే ఏరుతుండె."

"నీకెరికేనా?"

"ఎరికే."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తలలోంచి పిన్ను తీసి ఒక కాయను పెకలించి బండ మీద పెట్టింది. రెండోది పెకలించబోయి ఆగింది.

"గివ్వి కండ్లకు కనవడవు గదరా గడ్డిల. ఎట్ల ఏరుతుండె?"

"చేతులతోని. గడ్డి మీద చేతులు పెట్టి నొక్కుకుంట పోతుండె."

అక్క పిన్ను పక్కన పెట్టింది. చెప్పును ఒళ్లో బోర్లా పెట్టుకుని, ఆ కాయల మీద తన అరచెయ్యి ఆనించింది. ఆనించి మెల్లగా నొక్కింది. ముఖం ముడుచుకుంది. ఇంకా నొక్కింది.

"అక్కా, వద్దు," అన్నాను.

చెయ్యి తియ్యలేదు.